ఎవరైనా వాడుతున్నారా?

ఉదయ్‌భాస్కర్‌కు మొహమాటం తండ్రి దగ్గర నుంచి వచ్చిన ఆస్తి. వాళ్ల నాన్నగారు వేంకటరమణగారు సొంత అన్నగారి కూతురి పెళ్లికి వెళ్లకుండా, ముక్తేశ్వరం ఇంటి అరుగు మీద కూర్చుని ఆ పూట గడిపేసిన మనిషి. కోపమేమీ లేదు. శుభలేఖ పోస్టులో వచ్చింది గాని ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదు, అంతే. పెళ్లి కాలవ అవతలి ఊళ్లోనే. సన్నాయి అరుగు మీదికి వినిపిస్తూనే ఉంది. "వెళ్లాలనే ఉందిరా. పిలవలేదు కదా," అన్నారాయన, కొడుకు అడిగితే. పిలుపు లేకుండా గుమ్మం ఎక్కకూడదన్న పాఠం ఆ పిల్లవాడికి గట్టిగా ఒంటబట్టింది. పెద్దవాడై రాజమండ్రి డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరరయ్యాక కూడా, స్టాఫ్ రూములో ఎవరైనా "టీకి పదండి" అంటే, ఆ పిలుపులో తానున్నాడో లేదో అతను తేల్చుకునేలోపు మిగతావాళ్లు తాగి వచ్చేసేవారు.

భార్య హైమ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. కడియంలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో తెలుగు టీచరు. అడగాల్సింది అడిగేస్తుంది, అనాల్సింది అనేస్తుంది. ముప్పై దాటాక ఆవిడకు చూపు తగ్గడం మొదలైంది. కంటి లోపలి పొర దెబ్బతింటోందనీ, దీనికి మందు లేదనీ కాకినాడలోనూ విశాఖపట్నంలోనూ డాక్టర్లు ఒకటే మాట చెప్పారు. అన్నవరం వెళ్లి వ్రతం చేసుకున్నారు. చూపు ఆగలేదు. వెలుగో చీకటో తెలియడం తప్ప మిగతాదంతా పోయింది. పాఠాలకు మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు, పద్యాలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. చిక్కంతా పరీక్షల దగ్గరే.

స్కూలు కరెస్పాండెంటు గంగరాజుగారికి కడియంలో పెద్ద నర్సరీ ఉంది. మెత్తటి మాట మనిషి. "మీ పని మీరు చేసుకున్నంత కాలం మిమ్మల్ని కదిపేవాడు లేడండి మేడమ్ గారూ," అన్నారు. ఆ పని ఏమిటన్నది స్టాఫ్ రూములో ఒప్పందం చేసుకున్నారు. జవాబు పత్రాలు దిద్దడం హైమకు కుదరదు కాబట్టి, ఆవిడ క్లాసులవి కూడా మిగతా తెలుగు మాస్టార్లే దిద్దుతారు. అందుకు బదులుగా అన్ని తరగతుల తెలుగు ప్రశ్నపత్రాలూ ఆవిడ తయారు చేయాలి. స్వయంగా, రెండో మనిషి కంట పడకుండా. ఆ పని చేతిలో ఉన్నంత కాలం ఆవిడ టీచరు. లేకపోతే, పాపం, కళ్లు లేని మనిషి.

ఆ పనిని ఆవిడ చేతికి తెచ్చిపెట్టింది ఒక ఎడిటర్. కంప్యూటర్లో రాసుకోవడానికీ దిద్దుకోవడానికీ వాడే ప్రోగ్రామ్‌ను అలా అంటారు. ఉదయ్‌భాస్కర్ వాడే ఎడిటర్ ఎవరి సొత్తూ కాదు. ఏయే దేశాల్లోనో ఉన్న కొందరు తీరిక వేళల్లో రాసి, లోపలి గుట్టంతా విప్పి ఊరికే ఇచ్చేశారు. పాత ఇళ్లలో దూలాలకు కొక్కేలు దిగ్గొట్టి ఉంచినట్టు, అందులోనూ అక్కడక్కడా కొక్కేలు ఉంచారు. ఎవరికి కావలసింది వాళ్లు తయారు చేసుకుని తగిలించుకోవచ్చు. ఒకాయన నిఘంటువు తగిలించుకున్నాడు, ఇంకొకాయన క్యాలెండరు. తెలుగు పలికే ప్రోగ్రామ్ బజార్లో ఎక్కడా దొరక్క, ఉదయ్‌భాస్కర్ వాళ్ల తగిలింపులు చదివి చదివి, ఏడాది పాటు కుస్తీ పట్టి, ఒక గొంతు తగిలించాడు. మీట నొక్కితే అక్షరం పలుకుతుంది. వెనక్కి జరిగితే ఏ అక్షరం మీద ఉన్నదీ చెబుతుంది. రాసిన వాక్యం మొదటి నుంచి చదవమంటే చదువుతుంది.

ఆ గొంతు హైమదే. గుణింతాలూ ఒత్తులూ, ఇంగ్లీషు అక్షరాలతో సహా సమస్తం ఆవిడే చదివి రికార్డు చేయించింది. శబ్దం పడకూడదని ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, రోహిణీకార్తె ఉక్కలో కూర్చుని చదివింది. తను రాసింది తన గొంతే తనకు చదివి వినిపించిన రోజున ఆవిడ కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని, "ఠ సరిగ్గా పలకలేదండీ, మళ్లీ తీద్దాం," అంది. అప్పటి నుంచీ పరీక్షలొస్తే గది తలుపు వేసుకుని ఒక్కతే కూర్చునేది. లోపల ఇద్దరు హైమలు మాట్లాడుకుంటున్నట్టుండేది. ఉదయ్‌భాస్కర్ బయట వరండాలో పేపరు చదువుకుంటూ, చాలా ఏళ్ల తర్వాత ఒక పని పూర్తిగా చేశానన్న సంతోషంతో ఉండేవాడు.

ఇంత చేసినవాడు ఆ సంగతి ఆ ఎడిటర్ వాళ్లకు మాత్రం చెప్పలేదు. వాళ్లంతా మాట్లాడుకునే మెయిలింగ్ లిస్టు ఒకటుంది. ఒకరు ఉత్తరం రాస్తే అందులో ఉన్న అందరికీ అందుతుంది. అందులో ఇతనూ చేరాడు. వచ్చిన ప్రతి ఉత్తరమూ శ్రద్ధగా చదివేవాడు, ఒక్కటీ రాసేవాడు కాదు. "మనది కూడా పంపండి, ఇంకెవరికైనా పనికొస్తుంది," అని హైమ పోరుతూనే ఉండేది. "ఇంకొంచెం శుభ్రం చేసి పంపుతాను. ఇలా చూస్తే ఏమనుకుంటారు?" అనేవాడు. చుట్టాలొస్తున్నారని ఇల్లు సర్దడం మొదలుపెట్టి, సర్దుతూనే ఉండిపోయిన మనిషి అతను.

నిరుడు వేసవిలో ఆ లిస్టుకు ఒక ఉత్తరం వచ్చింది. రాసింది పీటర్, ఆ ఎడిటర్ బరువు ఎక్కువగా మోసే పెద్దమనిషి. పాత కొక్కేలు తీసేసి కొత్త పద్ధతి పెడదామనుకుంటున్నాం, పాతవి ఎవరైనా వాడుతున్నారా, వాడుతుంటే నెలాఖరులోగా చెప్పండి, ఎవరూ పలకకపోతే అందరికీ సమ్మతమే అనుకుంటాం అని దాని సారాంశం.

ఉదయ్‌భాస్కర్ చదివాడు. తను గొంతు తగిలించింది ఆ పాత కొక్కేలకే. జవాబు మొదలుపెట్టి, మొదటి వాక్యం మరీ సెలవు చీటీలా ఉందని కొట్టేశాడు. ఈలోగా లిస్టులో తలపండినవాళ్లు దిగి మంచీచెడ్డా మాట్లాడుకోసాగారు. వాళ్ల మధ్య దూరడానికి తనెవడు? పైగా పీటర్ 'ఎవరైనా' అన్నాడు గాని, ఉదయ్‌భాస్కర్ గారూ మీరేమంటారు అని అడగలేదు. ఇక్కడ పొలం గట్టు జానెడు జరపాలన్నా చుట్టుపక్కల రైతుల ఇళ్లకు వెళ్లి, కూర్చుని, కాఫీ తాగి మరీ చెబుతారు. పదిమందిలో ఒకడు మాట్లాడకుండా కూర్చుంటే, అతనికి ఇష్టం లేదని గ్రహించి ఇంకోసారి బతిమాలతారు. పీటర్ ఊళ్లో మాట్లాడనివాడు ఒప్పుకున్నట్టు లెక్క. ఈ తేడా ఉదయ్‌భాస్కర్ బుర్రకు తట్టలేదు. తీసేసేముందు ఒక్కొక్కరినీ అడుగుతారులే అనుకున్నాడు. ఎదురు చూశాడు. నెలాఖరు వచ్చింది, వెళ్లింది, కొక్కేలు కూడా వెళ్లాయి.

హైమకు ఈ సంగతి చెప్పలేదు. ఇంట్లో పాత కంప్యూటర్లో పాత ఎడిటర్ మాట్లాడుతూనే ఉంది కదా, ఇప్పుడు మునిగిపోయిందేముందని సరిపెట్టుకున్నాడు.

మునగడం ఈ ఏడు ఆషాఢంలో జరిగింది. ఒక మధ్యాహ్నం ఈదురుగాలికి వీధి స్తంభం మీద న్యూట్రల్ వైరు తెగి, ఇళ్లలోకి హైవోల్టేజి వచ్చేసింది. వీధిలో సగం టీవీలు పోయాయి. వీళ్ల కంప్యూటర్లోంచి పొగ వచ్చింది. తగిలింపూ, రికార్డు చేసిన గొంతూ సీడీల్లో భద్రంగా ఉన్నాయి. "గొంతుంది కదండీ, ఇంకేం భయం," అంది హైమ. కొత్త మిషన్ కొన్నారు.

అసలు తంటా అప్పుడు బయటపడింది. కొత్త మిషన్లోని సౌండు పాత సిస్టమ్‌కు, అంటే కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రామ్‌కు, అంతు చిక్కదు. అది వేస్తే ఎడిటర్ మూగది. కొత్త సిస్టమ్ వేస్తే సౌండు ఖంగుమంటుంది. కాని దాంతో వచ్చేది కొత్త ఎడిటర్, గొంతు తగిలించడానికి కొక్కెం లేదు. పోనీ పాత ఎడిటర్నే కొత్త సిస్టమ్‌లోకి ఎక్కిద్దామంటే, అది ఇంకో పాత సరుకు కావాలంది. ఆ సరుకు దొరికితే అది మరో దాన్ని అడిగింది. కాలిపోయిన మిషన్లోని లాంటి పాత బోర్డు కోసం బజారంతా తిరిగాడు. "అవి రావట్లేదండి ఇప్పుడు," అన్నారు అందరూ. చివరికి కొత్త పద్ధతిలోనే మళ్లీ రాద్దామని కూర్చున్నాడు. కొత్త కొక్కేలు రంగులు మార్చుకోనిస్తాయి, మెనూలు చేర్చుకోనిస్తాయి. నొక్కిన మీట ఏదో, కర్సరు ఏ అక్షరం మీద ఉందో మాత్రం చెప్పవు. హైమకు కావలసింది ఆ రెండే. తనకు చేతకావడం లేదని ఉదయ్‌భాస్కర్‌కు తెలుస్తూనే ఉంది. తెలిసీ రోజూ కాలేజీ నుంచి వచ్చి దాని ముందే కూర్చునేవాడు.

దసరా ముందు క్వార్టర్లీ పరీక్షలొచ్చాయి. గత్యంతరం లేక హైమ నోటితో చెప్పింది, అతను టైపు చేశాడు. ఆ సంగతి ఆవిడ స్కూల్లో దాచలేదు.

"తప్పుగా అనుకోకండి మేడమ్," అన్నాడు మిగతా తెలుగు మాస్టార్లలో పెద్దవాడైన పల్లంరాజు. "ఇంట్లో ఇద్దరు కూర్చుని తయారుచేసిన పేపరుకు గుట్టేముంటుందండి? రేపెవరైనా అడిగితే మేమేం చెప్పాలి? అలాంటప్పుడు మీ క్లాసు పేపర్లు మేం దిద్దడం కూడా బాగుండదు కదండి."

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. హైమ కూడా పట్టలేదు.

ఆ ఆదివారం గంగరాజుగారు కారులో ఇంటికే వచ్చారు. తన నర్సరీ నుంచి రెండు మల్లె మొక్కలు తెచ్చారు. కాఫీ తాగారు, పంచదార సరిపోయిందన్నారు.

"మీకెందుకండి మేడమ్ గారూ ఇంత శ్రమ," అన్నారు. "మీ సర్వీసుకు వాలంటరీ రిటైర్మెంటు తీసుకుంటే పెన్షనుకు లోటుండదండి. కాగితం మీ నుంచి వస్తే మీకూ గౌరవం, మాకూ గౌరవం. తొందరేం లేదండి. దసరా సెలవులైపోయేలోగా ఇవ్వండి, చాలు."

"మిషన్ బాగైతేనండి?" అంది హైమ.

"బాగైతే అంతకంటే ఏం కావాలండి. బాగవ్వాలనే కోరుకుందాం," అని ఆయన లేచారు. ఇన్ని అండీల మధ్య తన ఉద్యోగం పోతోందని హైమకు తెలిసేసరికి కారు వీధి మలుపు తిరిగింది.

ఆవిడ లోపలికొచ్చి మొగుడి పక్కన కూర్చుంది. "వాళ్లకు రాయండి. ఇవాళే. అయ్యా బాబూ అని మొదలుపెట్టకండి. నా భార్యకు కళ్లు లేవు, ఈ గొంతు లేకపోతే ఉద్యోగం ఉండదు, అంతే రాయండి."

రాశాడు. ఇన్నేళ్లలో ఆ లిస్టుకు అతను రాసిన మొదటి ఉత్తరం. ఈసారి ఏదీ కొట్టేయకుండా పంపేశాడు.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చి ఇంటర్నెట్టు కోసం ఫోను లైను కంప్యూటర్‌కు తగిలించేసరికి, జవాబులు ఒకదాని వెనక ఒకటి దిగాయి. ఇంతమంది పలుకుతారని అతను కలలో కూడా అనుకోలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు హైమ పేరు పెట్టి పలకరించారు. అందరిలోకీ పొడుగాటి ఉత్తరం పీటర్‌ది.

"చదవండి," అంది హైమ, కుర్చీ దగ్గరికి లాక్కుని.

ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ వెళ్లాడు. మీరు చేసింది ఎంతో గొప్ప పని. కాని ఇప్పుడు పాత కొక్కేలు మళ్లీ పెట్టలేం, వాటి వెనకున్న భాగమంతా తిరగరాసేశాం. మీటలు వినిపించే ఏర్పాటు కొత్త పద్ధతిలో వచ్చే ఏడాది చేర్చగలమేమో చూస్తాం, మాట ఇవ్వలేను. ఈలోగా పాతదాన్ని మీరు విడిగా తీసుకుని సొంతంగా నడుపుకోవచ్చు. అంతా మీ చేతిలోనే ఉంది, వద్దనేవాళ్లు ఎవరూ లేరు.

"నడుపుకోగలమా?" అంది హైమ.

"వాళ్లంతా కలిసి చేసేది నేనొక్కణ్ణీ చెయ్యాలి. నాకు రాదు హైమా. మూడు నెలల నుంచి చూస్తున్నాను, నావల్ల కావట్లేదు."

"ఇంకేమైనా రాశాడా?"

ఇంకొక వాక్యం ఉంది. 'నిరుడు అడిగినప్పుడు ఎవరూ పలకలేదు. ఒక్కరు వాడుతున్నామని చెప్పి ఉన్నా వాటిని తీసేవాళ్లం కాదు.'

ఉదయ్‌భాస్కర్ ఆ వాక్యాన్ని మనసులోనే చదువుకున్నాడు. దాన్ని చదవగలవాడు ఆ ఇంట్లో తను తప్ప ఇంకెవరూ లేరు. గొంతు పనిచేస్తున్న రోజుల్లో అయితే, ఆవిడ పక్కకు జరగండని మీట నొక్కి, అక్షరం అక్షరంగా తనే వినేది. ఇవాళ చెప్పేద్దామనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. చెప్పే మాటను ఇంకొంచెం శుభ్రం చేసుకుని చెబుదామనిపించింది కాబోలు, నోరు మూసుకున్నాడు.

"అంతే," అన్నాడు. "శుభాకాంక్షలని రాశాడు."

"మంచివాళ్లే పాపం," అంది హైమ. "మనమే ముందుగా పంపించి ఉంటే ఏమైనా ఉపయోగం ఉండేదా?"

"ఏమో."

ఆవిడ పైట సర్దుకుని, క్లాసులో డిక్టేషన్ చెప్పే గొంతుతో, "రాయండి, కరెస్పాండెంటు గారికి," అంది. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా చెబుతూ వాలంటరీ కాగితం రాయించింది. అతను టైపు చేసి ప్రింటు తీశాడు. అంత పొందికైన ఉత్తరం అతని చేతుల మీదుగా ఎప్పుడూ రాలేదు.

"ఒకసారి చదవండి."

చదివాడు.

"ఒత్తులన్నీ సరిగ్గా పడ్డాయా? చూసే చెబుతున్నారా?"

"చూసే చెబుతున్నాను."

"సరే. ఇకమీదట మీరు ఉందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు," అంది హైమ, నిష్ఠూరమేమీ లేకుండా. సంతకానికి చెయ్యి చాపింది. ఉదయ్‌భాస్కర్ ఆ చేతిలో పెన్ను పెట్టి, వేళ్లు పట్టుకుని, కాగితం మీద చోటు చూపించాడు.