జబ్బుకు ఇంగ్లీషు పేరు

గోదావరిఖని ఆఫీసర్ల క్వార్టర్లలో గనుల ఇంజనీరు సూర్యప్రకాశరావుకు మంచి పేరుంది. దాన్ని కాపాడుకోవడం ఆయనకు డ్యూటీ కంటే పెద్ద పని. అందుకే పొరుగింటి పేరంటంలో వెండి కుంకుమభరిణె పోయిందనగానే, తమ పనిమనిషి కనకవ్వను అందరికంటే ముందు ఆయనే దొంగన్నాడు. ఆ రోజు అక్కడ గిన్నెలు కడిగింది ఆమే. అంతకు మించిన సాక్ష్యం ఆయనకు అవసరం లేకపోయింది. పనిలోంచి తీసేశాడు.

ఉగాదినాడు పట్టుపంచె కోసం బీరువా వెతుకుతుంటే, భార్య చీరల మడతల్లో ఆ భరిణె దొరికింది. పక్కనే ఎవరివో జడక్లిప్పులు, క్లబ్బు చెంచాలు, ఏ పిల్లాడిదో కంపాస్ డబ్బా.

భార్య అరుణకుమారి మంచం మీద కూలబడింది. "నాకవేవీ అక్కర్లేదండీ. కానీ చూశానంటే చెయ్యి ఆగదు. తీసేదాకా ఊపిరాడదు. తీశాక నామీద నాకే అసహ్యం."

కరీంనగర్‌లో మానసిక వైద్యురాలు అంతా ఓపిగ్గా విన్నది. ఇది దొంగబుద్ధి కాదని, లోపల పుట్టే తహతహను ఆపుకోలేని జబ్బని, మందులతో, కౌన్సెలింగుతో చాలావరకు అదుపులోకి వస్తుందని చెప్పింది. సూర్యప్రకాశరావు ముఖం వెలిగిపోయింది. జబ్బు! పైగా పేరు ఇంగ్లీషులో ఉంది. దారి పొడుగునా ఆ పేరును నోట్లో నానబెట్టుకుంటూ కారు నడిపాడు.

మర్నాడు కనకవ్వను పిలిపించాడు. "భరిణె మా ఇంట్లోనే దొరికింది. అమ్మగారికి జబ్బని డాక్టరు చెప్పింది. జబ్బు మనిషిని తప్పుపట్టకూడదు. రేపట్నుంచి పనిలోకి రా."

కనకవ్వ గుమ్మం బయటే నిలబడింది. "అమ్మను దవాఖానకు తీస్కపోయిన్రు, మంచిదే సార్. నేను ముట్టకున్నా దొంగన్నరు. ఇంకో రెండిండ్లల్ల గూడ పని బంద్ జేసిన్రు. మీకు గట్ల అనబుద్ధి పుట్టుడు ఏం జబ్బు? దానికి మందు రాయించుకున్నరా?"

విషయం గడప దాటకూడదన్నాడు ఆయన.

అంతలో అరుణకుమారి భరిణె పట్టుకుని వచ్చి చెప్పులేసుకుంది. "పద కనకవ్వా, పొరుగింటికి. నీ ముందే చెబుతాను."

"అరుణా, నలుగురూ ఏమనుకుంటారు?"

"దొంగ అనుకుంటారు. ఇన్నాళ్లూ ఈవిణ్ణి అనుకోలేదూ?"

ఇద్దరూ గేటు దాటారు. పొరుగింటి తలుపు తెరుచుకోవడం చూసి, సూర్యప్రకాశరావు చప్పున కర్టెన్ లాగాడు. ఇంట్లో ఎవరూ లేరనుకోవాలని ఫ్యాను కూడా కట్టేసి, చెమటలు కక్కుతూ సోఫాలో బిగుసుకు కూర్చున్నాడు.