సిరికుద్రులో ఒక పూట

రుక్కమ్మ పద్నాలుగేళ్ళుగా దేశమంతా తిరిగింది. కాశీ నాలుగుసార్లు, రామేశ్వరం ఆరుసార్లు, పూరీ మూడుసార్లు, ద్వారక రెండుసార్లు. ఎవరైనా అడిగితే కాశీలో కొళాయి సన్నగా వస్తుందనీ, రామేశ్వరం నీళ్ళకు పప్పు తొందరగా ఉడకదనీ, ద్వారకలో సత్రం వెనక గాలికి పొయ్యి నిలవదనీ చెప్పేది. దేవుళ్ళ సంగతి అడిగితే "మంచిగున్నరంట" అనేది.

తాండూరు బస్టాండ్ దగ్గర మహిధర్ నడిపే యాత్రల బస్సులో ఆమె వంటమనిషి. బస్సు వెనక డబ్బాలో రెండు పొయ్యిలు, సిలిండర్లు, గిన్నెలు, ముప్పై కిలోల తాండూరు కందిపప్పు ఉండేవి. బస్సు మీద దేవుళ్ళ పేర్లకన్నా పెద్ద అక్షరాలతో 'మన ఇంటి భోజనం' అని రాసి ఉండేది. యాత్రికులు చూడటానికి పోయేవాళ్ళు. రుక్కమ్మ బస్సు దగ్గరే ఉండి వండేది. వాళ్ళు తిరిగొచ్చేసరికి అన్నం పొగలు కక్కాలి. భర్త బీరన్న ఎండాకాలం గొర్రెలను తోలుకొని కోట్‌పల్లి దాటి ఎటెటో పోయేవాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ తిరిగారన్నది ఆ ఇంట్లో ఇంకా తేలలేదు.

ఆ కార్తీకంలో మహిధర్ గోకర్ణం యాత్రకు ఒక దీవిని కలిపాడు. పేరు సిరికుద్రు. అంతకుముందు బస్సులో వచ్చినవాళ్ళెవరో ఫోన్లో దాని వీడియో చూపించి, ఎందుకు తీసుకుపోలేదని అడిగారు. కొండ మీద శివుడు, చుట్టూ సముద్రం, తెల్లటి లైట్‌హౌస్. మహిధర్ కూడా వీడియోలోనే చూశాడు. ముప్పై ఆరుమంది సీట్లు రాయించుకున్నారు. వాళ్ళలో వికారాబాద్ పద్మమ్మ, ఆమె భర్త మల్లయ్య ఉన్నారు. పద్మమ్మకు అది అయిదో యాత్ర. ప్రతి యాత్రలో ప్రతి పూటా ఆమె వంటకు ఒక వంక చెప్పేది. ఉప్పు తక్కువ, లేదా కారం ఎక్కువ, లేదా ఈ రెండూ సరిగ్గా ఉన్నాయి గానీ పులుపు చాలలేదు. దిగేటప్పుడు మాత్రం తరవాతి యాత్రకు పేరు రాయించి దిగేది.

రేవు దగ్గర పడవవాడు సిలిండర్‌ను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. మహిధర్ హిందీలో మాట్లాడాడు. పడవవాడు కన్నడలో జవాబిచ్చాడు. రుక్కమ్మ తల్లిగారిది బషీరాబాద్ అవతల సరిహద్దు ఊరు. ఆమెకు కన్నడ వచ్చు.

"ఏమంటుండక్కా?" అన్నాడు మహిధర్.

"ఇంజన్‌ల డీజిల్ ఉందంట. పొయ్యి, సిలిండర్ ఎక్కనియ్యడంట. సర్కారు రూలంట పటేలా."

మహిధర్ ముఖం పాలిపోయింది. "మరి ముప్పై ఆరుమందికి అన్నం ఎట్ల?"

ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నకు జవాబు రుక్కమ్మే. మహిధర్ ఫోన్ తీసి దీవిలో ఎక్కడ తినాలని వెతికాడు. మూడు పేర్లు వచ్చాయి. మూడింటికీ నాలుగున్నర చుక్కలున్నాయి.

"నువ్వు పోయి చూసి చెప్పక్కా. తిండి సంగతి నీకే ఎర్క. వీళ్ళను నేను కొండకు తోల్కపోత."

డ్రైవర్ జంగప్ప సిలిండర్లకు కాపలా ఉన్నాడు. రుక్కమ్మ పడవెక్కి యాత్రికుల మధ్యన కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక ఒడిలో పెట్టుకుంది.

మొదటి పేరు బండరాళ్ళ అంచున కట్టిన రిసార్టు. తెల్ల చొక్కా తొడుక్కున్న మనిషి బొమ్మలున్న అట్ట తెచ్చి ఇచ్చి, ఇక్కడినుంచి సముద్రం బాగా కనిపిస్తుందన్నాడు. వంటిల్లు ఎక్కడని రుక్కమ్మ అడిగింది. అక్కడినుంచి సముద్రం కనిపించదన్నాడు. "సముద్రాన్ని ఎవరు తింటారు?" అని కన్నడలో అడిగేసరికి అతను ఈమెను తనిఖీకి వచ్చిన మనిషి అనుకొని దారి ఇచ్చాడు. ఫ్రిజ్‌లో మూడు డబ్బాలున్నాయి. ఒకదాంట్లో ఎర్ర గ్రేవీ, ఒకదాంట్లో పచ్చది, ఒకదాంట్లో తెల్లది. అట్ట మీద అరవై రెండు కూరల పేర్లున్నాయి. రుక్కమ్మ ఫ్రిజ్ తలుపు నెమ్మదిగా మూసి బయటికి వచ్చింది.

రెండోది చేపల పాక. పెనం మీద మసాలా పట్టించిన చేప ముక్కలు వేగుతున్నాయి. రుక్కమ్మ అక్కడ చూడవలసినదానికంటే ఎక్కువసేపు నిలబడింది. కానీ కార్తీకమాసం. ముప్పై ఆరుమందిలో ముప్పై ఆరుగురూ నెలంతా నీసు మానినవాళ్ళే. మూడోదానికి తాళం ఉంది. ముందర కుక్క పడుకుంది. ఫోన్లో మాత్రం అది తెరిచే ఉంది.

తిరిగొస్తుంటే సందులో ఒక ఇంటి ముందు ఒకామె పెద్ద గిన్నెలో బియ్యం కడుగుతోంది. మూడుసార్లు కడిగి, మూడుసార్లూ ఆ నీళ్ళను కొబ్బరిచెట్టు మొదట్లో పోసింది. ఒక్క గింజ కింద పడలేదు. రుక్కమ్మ ఆగింది.

ఆమె పేరు నాగవేణి. బడి పంతుళ్ళకూ పడవవాళ్ళకూ రోజూ పన్నెండుమందికి వండిపెడుతుంది. ముప్పై ఆరుమంది అనగానే ఆమె ఒకసారి లోపలి పొయ్యికేసి, ఒకసారి ఎండకేసి చూసింది.

"ఒంటిగంటకు రండి. ఉప్పుడు బియ్యం అన్నం, దోసకాయ పులుసు, తంబుళి, మామిడికాయ ఊరగాయ. వేరేవి అడగొద్దు" అంది కన్నడలో.

తంబుళి అంటే వామాకు, కొబ్బరి, జీలకర్ర నూరి మజ్జిగలో కలిపి పోపు పెట్టేది. రుక్కమ్మ చీర కొంగు దోపుకొని కొబ్బరి కోరడానికి కూర్చోబోయింది. నాగవేణి కోరాం ఆమె ముందునుంచి తీసేసింది.

"నువ్వు తినడానికి వచ్చినదానివి. అరుగు మీద కూర్చో."

అలా రుక్కమ్మ రెండు గంటలు అరుగు మీద కూర్చుంది. ఎదురుగా సముద్రముంది. ఆమె ఇదివరకు సముద్రాన్ని చూడలేదని కాదు. కూరగాయలు తరుగుతూ తలెత్తినప్పుడు సత్రాల గోడల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా చూసింది. ఇంత పెద్దదని అనుకోలేదు. కాసేపయ్యాక ఎవరూ పిలవడం లేదని భయం వేసింది. ఇంకాసేపయ్యాక ఆ భయం పోయింది.

అప్పుడు పోపు వాసన వచ్చింది. రుక్కమ్మ లేచి నిలబడింది. అది కొబ్బరి నూనె.

తాండూరులోనూ వికారాబాద్‌లోనూ కొబ్బరి నూనె ఉండే చోటు అద్దం కింద, దువ్వెన పక్కన. దాన్ని తలకు రాస్తారు. కడుపులోకి పోయే నూనె కాదది. రుక్కమ్మ వంటింట్లోకి పోయి పల్లి నూనె ఉందా అని అడగబోయింది. ఆమె నోరు తెరిచేలోపే నాగవేణి నూనె సీసా ఎత్తి చూపించింది. ఇంటి వెనక ఎనిమిది చెట్లు. వాటి కాయలే, తను ఎండబెట్టినవే, గానుగకు తను మోసుకుపోయినవే. చెప్పి, గరిటెడు తంబుళి రుక్కమ్మ అరచేతిలో పోసి ఉప్పు చూడమంది.

పద్నాలుగేళ్ళలో రుక్కమ్మను ఉప్పు చూడమన్నవాళ్ళు లేరు. చూసింది. ముందు కొంచెం ఈర్ష్య కలిగింది. తరవాత ఆకలి వేసింది. నూనె మాట ఎత్తలేదు.

యాత్రికులు వచ్చి అరటాకుల ముందు కూర్చున్నారు. మొదటి పంక్తిలో పద్మమ్మ. ఆకు మీద తంబుళి పడగానే వంగి వాసన చూసింది.

"రుక్కమ్మా, ఏం నూనె గిది? కొబ్బరి నూనె వాసనొస్తుంది."

పంక్తిలో అన్ని చేతులూ ఆగిపోయాయి. ఒకాయన ఆకును ముందుకు జరిపాడు. వెనక నిలబడ్డ మహిధర్ కళ్ళు మూసుకున్నాడు. రుక్కమ్మ తిండి విషయంలో అబద్ధమాడే మనిషి కాదు. పాలు విరిగితే విరిగాయని చెప్పేది.

"పల్లి నూనెనమ్మా" అంది. "చుట్టూ గన్ని కొబ్బరిచెట్లున్నయ్ గద. గాలికొస్తుంది."

పద్మమ్మ చెట్లకేసి చూసింది. పంక్తి మొత్తం చెట్లకేసి చూసింది. అప్పుడే గాలి కూడా వీచింది. అందరూ తిన్నారు. మల్లయ్య మూడుసార్లు వేయించుకున్నాడు. రెండో పంక్తి వాళ్ళకు మొదటి పంక్తి వాళ్ళే పల్లి నూనె అని చెప్పారు.

"గిట్ల చేయాలె రుక్కమ్మా" అంది పద్మమ్మ చెయ్యి కడుక్కుంటూ. "నూనె తాజాగ ఉండాలె. నేను గదే చెప్తుంట."

చివరకు నాగవేణి రుక్కమ్మను కూర్చోబెట్టి ఆకు వేసింది. యాత్రల్లో రుక్కమ్మ మిగిలింది నిలబడి తినేది, గిన్నెలు నానబోస్తూ. ఇప్పుడు ఒకామె పక్కన గరిటె పట్టుకొని "ఇన్ను స్వల్ప హాకలా?" అని అడుగుతోంది. ఇంకొంచెం వేయనా అని. ఎన్నోసారో "సాకు", చాలు, అందామనుకొని రుక్కమ్మ మళ్ళీ ఆకు చూపించింది.

తినడం అయ్యాక నాగవేణి ఎదురుగా కూర్చుంది. ఆమెకు తెలుగు రాదు. కానీ కొబ్బరి అనే మాట రెండు భాషల్లోనూ ఒకటే, పంక్తిలో చేతులు ఆగడమూ ఆమె చూసింది.

"ఎందుకు కాదన్నావు?" అంది.

"నిజం చెబితే తినరు."

"నా చెట్ల నూనె. ఎవరో చేసిన తప్పులా దాచావు."

రుక్కమ్మ తల దించుకుంది. తను వండినదాన్ని ఇంకొకరు వండారని ఎవరైనా చెబితే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. నాగవేణి లేచి లోపలికి పోయి ఒక సీసా తెచ్చి ఆమె సంచిలో పెట్టింది. "ఊరికి పోయాకైనా చెప్పు" అంది. కోపంగా అనలేదు. దానితో రుక్కమ్మకు ఇంకా కష్టమైంది.

బస్సులో చెబుదామనుకుంది. మురుడేశ్వరంలో చెబుదామనుకుంది. మర్నాడు పొద్దున పద్మమ్మ తలస్నానం చేసి, రుక్కమ్మ సంచిలో సీసా చూసి, "కొబ్బరి నూనె తెచ్చినవా, మంచిపని చేసినవ్" అని తీసుకొని సగం సీసా తలకు పట్టించుకుంది. చెప్పడానికి అది సమయం కాదనిపించింది.

ఇంటికి చేరిన రెండు వారాలకు పద్మమ్మ ఫోన్ చేసింది. ఆ మజ్జిగ పులుసు మూడుసార్లు చేసిందట. ఆకు అదే, కొబ్బరి అదే, మజ్జిగ అదే. ఏదో తక్కువవుతోంది. "జర వచ్చి చేసి చూపించు రుక్కమ్మా."

రుక్కమ్మ మిగిలిన సగం సీసా సంచిలో పెట్టుకొని తాండూరులో వికారాబాద్ బస్సెక్కింది. పద్మమ్మ వంటింటి గట్టు మొత్తం నున్నటి తాండూరు బండ. దాని మీద పల్లి నూనె డబ్బా సిద్ధంగా ఉంది. రుక్కమ్మ దాన్ని ముట్టలేదు. పద్మమ్మ పెరట్లో కరివేపాకు తెంపుతున్నప్పుడు పోపు పెట్టింది.

మల్లయ్య, పద్మమ్మ కూర్చున్నారు. పద్మమ్మ ఒక ముద్ద తిని కళ్ళు పెద్దవి చేసింది. "గిదీ! ఉప్పు గూడ సరిపోయింది."

"అమ్మా, ఒక మాట. గది పల్లి నూనె కాదు. గాడ తిన్నది గూడ కాదు. రెండూ కొబ్బరి నూనెనే."

మల్లయ్య చెయ్యి నోటి దగ్గర ఆగింది. ఒక్క క్షణం ఆలోచించి నోట్లోకి పోయింది. పద్మమ్మ తన జడను పట్టుకొని చూసుకుంది.

"నేను తలకు పెట్టుకున్నదా?"

"సగం మీ తలకే పోయింది. మిగిలిన సగంతోని గిప్పుడు చేసిన."

"గాలి అంటివి గద."

"అన్న. అబద్ధమాడిన. ఆమె కొబ్బరి ఎండబెట్టి తనే గానుగ పట్టించుకున్న నూనె. నేను దాని పేరు తీసేసిన. గప్పటిసంది మనసు మంచిగ లేదు."

పద్మమ్మ జడ వదిలేసింది. "మా వాడకట్టుల ఎనిమిది ఇండ్లకు చెప్పిన నేను, పల్లి నూనెతోని చేయాలె అని. ఎనిమిది ఇండ్లల్ల చేస్కొని తిన్నరు. మస్తుందన్నరు." ఆమె గొంతు తగ్గింది. "గిప్పుడు వాళ్ళకేం చెప్పాలె?"

"ఏం చెప్పకు" అన్నాడు మల్లయ్య. "ఇంకింత వెయ్యమను."

పద్మమ్మ ఆయనకు వేయించింది. తరవాత ఎవరూ చూడనట్టు తనూ వేసుకుంది. రుక్కమ్మను కూడా కూర్చొని తినమంది. అయిదు యాత్రల్లో ఆ మాట అనడం అదే మొదలు. అన్న తరవాత ఆమెకే అది గుర్తొచ్చినట్టుంది, పీట తనే వాల్చింది.

తిరుగు బస్సులో రుక్కమ్మ నాగవేణికి ఫోన్ చేసింది.

"చెప్పావా?"

"ఒకరికి చెప్పాను."

"ఏమంది?"

"తింది."

మబ్బు పట్టిందనీ, కొబ్బరి ఆరబెట్టి ఉందనీ చెప్పి నాగవేణి పెట్టేసింది.

మాఘమాసం యాత్రకు మహిధర్ కాగితాలు అచ్చువేయిస్తుంటే రుక్కమ్మ ఆఫీసుకు వచ్చింది. సిరికుద్రులో ఆ పూట నాగవేణి ఇంట్లో భోజనమనీ, తను పంక్తిలో కూర్చొని తింటాననీ చెప్పింది. సరే అన్నాడు. కాగితం మీద కొబ్బరి నూనె అని రాయాలంది. అతను పెన్ను కింద పెట్టాడు.

"గట్ల రాస్తే ఎవరొస్తరక్కా?"

"రాయకుంటే నేను రాను పటేలా."

మహిధర్ పెన్ను మళ్ళీ తీసి, చిన్న అక్షరాలతో రాశాడు. అవి చదివి ముగ్గురు సీట్లు రద్దు చేసుకున్నారు. నాలుగోరోజు పద్మమ్మ ఫోన్ చేసి రెండు సీట్లు రాయించుకుంది. కిటికీ పక్కన కావాలంది.