క్లెమ్ నాటిన చివరి పైన్

ఆ ఊళ్లో చెట్టు నాటడమంటే ముందు గునపం పట్టుకుని నేలతో తగువు పెట్టుకోవడమే. జానెడు మట్టి కింద అంతా సున్నపురాయి పలక. పగులు దొరికేదాకా పొడిచి, అందులో మొక్క దించాలి. క్లెమ్ తన అరవై పైన్ చెట్లనూ అలాగే నాటాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన ఆ చెట్లూ అంతే, ఇక్కడి గాలికి వంగాయే గాని చావలేదు.

చివరిదాన్ని మాత్రం జబ్బులో నాటాడు. పది పోట్లు పొడిచి, కుర్చీలో కూలబడి రొప్పి, మళ్లీ లేచేవాడు. మూడు రోజులు పట్టింది.

"మొదటి వేసవి పదిహేను రోజులకో బకెట్టు నీళ్లు పొయ్యి," అన్నాడు భార్య ఎల్వాతో. "ఆ తర్వాత చుక్క పొయ్యకు. ఏడ్చినా పొయ్యకు."

"చెట్టు ఏడుస్తుందా?"

"నీ సంగతే చెప్తున్నా."

ఆ నెలాఖరుకి పోయాడు.

మొదటి వేసవి ఎల్వా అతను చెప్పినట్టే చేసింది. రెండో వేసవి ఉత్తరపు వడగాలికి కొమ్మల కొసలు మాడాయి. ఆవిడ ప్రాణం ఉసూరుమంది. గిన్నెలు కడిగిన నీళ్లు బకెట్టుడు పోసింది. మర్నాడూ పోసింది. పోస్తూ పోస్తూ మొగుడితో కబుర్లు మొదలుపెట్టింది. గోడలతో మాట్లాడితే పిచ్చిదంటారు గాని, చెట్టుకి నీళ్లు పోసేవాళ్లని ఎవరేమంటారు?

అనడానికి క్లెమ్ అక్క హిల్డా ఉంది.

"గారాబం చేసి చెడగొడుతున్నావే. దాహమేస్తే అదే కిందికి వెతుక్కుంటుంది."

"మీ తమ్ముడు పోయాక ఈ ఇంట్లో పెరుగుతున్నది ఇదొక్కటే వదినా. దీన్ని కూడా ఎండబెట్టమంటావా?"

హిల్డా ఇంటిదారి పట్టింది. తమ్ముణ్ణి పోగొట్టుకున్నది ఆవిడ కూడా.

నాలుగేళ్లకి ఆ చెట్టు, అదే ఈడులో మిగతావి ఉన్నదానికి రెట్టింపు ఎదిగింది. చూసిన ప్రతిసారీ ఎల్వాకి కడుపు నిండేది. ఆ అక్టోబరులో పెద్ద గాలి వచ్చింది. రెండు రోజులు ఎవరూ తలుపు తియ్యలేదు. మూడో పొద్దున చూస్తే, యాభై తొమ్మిది చెట్లు ఎప్పటిలాగే వంగి నిలబడి ఉన్నాయి. చివరిది వేళ్లతో సహా పక్కకి పడుకుని ఉంది.

కబురందిన హిల్డా వచ్చేసరికి ఎల్వా గుంత పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. వేళ్లన్నీ బకెట్టు నీళ్లు పారినంత మేర, పైపైన చాపలా అల్లుకున్నాయి. అడుగున క్లెమ్ తొలిచిన పగులు అలాగే తెరుచుకుని ఉంది. ఎల్వా అందులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. పొడి దుమ్ము తప్ప ఏమీ తగల్లేదు. ఒక్క వేరూ దిగలేదు.

"నేనే చంపేశాను వదినా."

హిల్డా మెల్లిగా ఆవిడ పక్కనే కూలబడి, భుజం మీద చెయ్యి వేసింది. "వాడు చెప్పాడు కదే," అంది. తిట్టడానికి అనలేదు.

"చెప్పాడు," అంది ఎల్వా, గుంతలోంచి చెయ్యి తియ్యకుండానే. "పొయ్యొద్దని చెప్పాడు. పొయ్యకుండా నేనెలా బతకాలో చెప్పలేదు."