మెట్ల దగ్గరి తలుపు

తలుపు ఎందుకు మూసుకోలేదో చూసి చెప్పమని అతన్నే పిలిచారు.

పిలవడంలో వింతేమీ లేదు. ఆ లాండ్రీలో ఉన్న ఇరవై రెండు తలుపులకూ డోర్ క్లోజర్లు బిగించింది అతనే. తలుపు నెత్తిన ఒక ఇనప పెట్టె, దానికి మోచేతిలా మడిచిన చెయ్యి. పెట్టె లోపల గట్టి స్ప్రింగు, నూనె. తలుపు తోస్తే స్ప్రింగు ముడుచుకుంటుంది. వదిలేస్తే సాగుతుంది. ఆ సాగే దూకుడును నూనె పట్టి ఆపుతూ, దడేలుమనకుండా తలుపును గుమ్మానికి ఆనిస్తుంది. పెట్టె పక్కనున్న చిన్న స్క్రూను పావు వంతు తిప్పితే ఒక నడక, అర వంతు తిప్పితే ఇంకో నడక. ఆ పావు వంతుల కోసం అతను ఒక్కో తలుపు దగ్గర అరపూట నిలబడేవాడు. "నిదానమే ప్రధానం, ఒప్పుకుంటాను. కానీ స్వామీ, మా షాపు ప్రారంభం ఇవాళే" అని ఒక యజమాని మొత్తుకున్న రోజు నుంచి అందరికీ అతను నిదానం అయిపోయాడు. అసలు పేరుతో పిలిస్తే అతనే ఒక క్షణం ఆలస్యంగా పలికేవాడు.

అతని అక్క పని చేసేది కూడా ఆ లాండ్రీలోనే. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే చోటు అది. కింద ఉతికే యంత్రాలు, ఆరబెట్టే యంత్రాలు. పైన ఇస్త్రీ గది. ఆరిన దుప్పట్లను చక్రాల బండిలో వేసుకుని, వెనక మెట్ల దగ్గరి తలుపు దాటించి, లిఫ్టులో పైకి పంపడం అక్క పని. రోజుకు ఎనభై బళ్ళు.

ఒక ఆదివారం ఆమె తమ్ముడి ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చోకుండానే చెప్పింది.

"నీ తలుపుకీ నాకూ పడట్లేదురా."

"ఏమందేంటి?"

"అనడం కాదు, తంతోంది. బండి సగం దాటిందో లేదో, వెనకనుంచి వచ్చి మోచేతి మీద ఒకటిస్తుంది. ఇన్నేళ్ళ కాపురంలో మీ బావ నా మీద చెయ్యెత్తలేదు. నీ తలుపేమో రోజుకి ఎనభైసార్లు కొడుతోంది."

నవ్వుతూనే చెప్పింది కానీ, చీర చెంగు తొలగించి చూపిస్తే మోచెయ్యి వంకాయ రంగుకు తిరిగి ఉంది.

మర్నాడు వెళ్ళి స్క్రూ తిప్పి తలుపు నడక తగ్గించాడు. అప్పుడు తలుపు కొట్టడం మానేసి, మెల్లగా మూసుకుంటూ తరువాతి బండికి అడ్డం పడడం మొదలుపెట్టింది. ఇక దానికి ఒకటే వైద్యం ఉంది. తలుపును తెరిచి పట్టుకుని, పొగ అలారం మోగగానే వదిలేసే అయస్కాంతం ఒకటి వస్తుంది. అది పెట్టించమని సూపర్‌వైజర్‌ని అడిగాడు.

"వచ్చే నెల చూద్దాంలే. ఈలోపు నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు సూపర్‌వైజర్, తల ఎత్తకుండా.

నిదానం రెండు స్క్రూలు విప్పి క్లోజర్ చెయ్యి తీసేశాడు. పేపర్లో చుట్టి పక్కనున్న కరెంటు మీటరు పెట్టె మీద పెట్టాడు. ఇక ఆ తలుపు మామూలు తలుపు. ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. అక్క బండి తోసుకుంటూ దాటి, వెనక్కి తిరిగి చూసి, "ఇప్పుడు బుద్ధిగా ఉంది" అంది.

అది మంటల్ని, పొగల్ని ఆపడానికి పెట్టిన తలుపని అతనికి తెలుసు. తెలియక చేసిన పని కాదు. నెల రోజులే కదా అనుకున్నాడు.

పదకొండో రోజు పొద్దున పదిన్నరకు ఆరబెట్టే యంత్రం వెనక పేరుకున్న బట్టల నూగు అంటుకుంది. మంట పెద్దది కాదు, ఇరవై నిమిషాల్లో ఆర్పేశారు. కానీ పొగ బారుగా తెరిచి ఉన్న తలుపులోంచి వెనక మెట్లలోకి వెళ్ళి, పొగగొట్టం ఎక్కినట్టు పైకి ఎక్కింది. పైన ఉన్న ముప్ఫైమందీ ముందు మెట్ల మీదుగా దిగిపోయారు, ఒక్క మనిషి తప్ప. మోకాళ్ళ నొప్పులతో ఆమె పద్నాలుగేళ్ళుగా వెనక మెట్లనే వాడేది. అవి కాస్త పొట్టి మెట్లు. అలవాటైన కాళ్ళు అలవాటైన దారే పట్టాయి. మెట్ల మలుపు దగ్గర ఊపిరి లేకుండా దొరికింది. ఒంటి మీద చిన్న బొబ్బ కూడా లేదు.

అక్క ఆమెను ఇస్త్రీ వదిన అని పిలిచేది. చుట్టరికం ఏమీ లేదు. ఒకే డబ్బాలో అన్నం తినేవాళ్ళు, అంతే. ఒకరి కూర బాగా లేదని ఒకరు మొహం మీదే చెప్పుకునేవాళ్ళు.

ఆ తరువాత రెండు రోజులు నిదానం మామూలుగానే పనికి వెళ్ళాడు. ఒక బ్యాంకులో అద్దాల తలుపుకు నూనె కారుతుంటే పెట్టె మార్చాడు. టీ పొగలు కక్కుతుండగానే తాగేశాడు, నాలుక కాలిందని సాయంత్రం తెలిసింది. ఏడుపు వస్తుందేమోనని ఒకసారి మంచం మీద కూర్చుని చూశాడు. రాలేదు. లేచి చొక్కా వేసుకున్నాడు.

రెండో రోజు సాయంత్రం లాండ్రీ నుంచి ఫోనొచ్చింది. రేపు విచారణకు ఫైర్ ఆఫీసరు వస్తున్నారు, తలుపు సంగతి తెలిసినవాడివి కాబట్టి నువ్వు ఉండాలని. అతను నేరుగా అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క వంటింట్లో కూర్చుని కూరగాయలు తరుగుతోంది. ఇంట్లో ఇద్దరే మనుషులు. ముక్కలు చూస్తే పదిమందికి సరిపడా ఉన్నాయి.

"రేపు నన్ను రమ్మన్నారు."

"ఊఁ."

"చెయ్యి నేనే తీశానని చెప్పేస్తాను."

కత్తి ఆగలేదు. "నేను తీయమన్నానని చెప్పు."

"నువ్వు బరువు మోసే మనిషివి, నొప్పి పుడితే అడుగుతావు. తీయకూడదని తెలిసినవాణ్ణి నేను. నీ ఊసెత్తను."

"ఎందుకెత్తవు?"

"ఎత్తి ఏం లాభం? ఇద్దరం మునగడం తప్ప."

అక్క ఇంకో వంకాయ తీసుకుంది. "వదిన కోసం ఏడుద్దామంటే రావట్లేదురా. కడుపులో చెక్కముక్క పెట్టినట్టుంది. నీక్కూడానా?"

"నాక్కూడా."

"సరే పో. బావొచ్చే వేళైంది."

ఆఫీసరు నడివయసు ఆవిడ. బూట్ల మీద మసి పడుతున్నా పట్టించుకోకుండా తలుపు కిందకు వచ్చి నిలబడింది. పక్కనే సూపర్‌వైజర్. పెట్టె తలుపు మీదే ఉంది. చెయ్యి లేదు.

"మంట వేడికి ఊడిపోయి ఉంటుందండీ. సామాను పాతదైపోయింది" అన్నాడు సూపర్‌వైజర్.

ఆవిడ నిదానం వైపు చూసింది. "మీరేమంటారు?"

అతను చిన్న స్టూలు వేసుకుని ఎక్కాడు. టార్చి వేశాడు. తనకు తెలిసిన విషయాన్ని కాకుండా, కొత్తగా చూస్తున్న తలుపును చూసినట్టే చూశాడు. తరువాత ఆ సంగతి తలుచుకుంటే అతనికే ఆశ్చర్యం వేసేది.

"వేడికి ఊడలేదండీ. ఇటు రండి. గుమ్మం మీద ఈ రెండు స్క్రూ రంధ్రాలు చూడండి. లోపలిదాకా మసి ఉంది. మంటప్పుడు చెయ్యి దీని మీద ఉండుంటే ఇవి శుభ్రంగా ఉండేవి. ముందే తీసేశారు."

"ఎవరు?"

"నేనేనండీ. మంటకు పదకొండు రోజుల ముందు. పేపర్లో చుట్టి ఆ మీటరు పెట్టె మీద పెట్టాను. ఇంకా అక్కడే ఉండాలి."

ఉంది. పేపరు అంచులు మాడాయి. సూపర్‌వైజర్ నేల మీద ఏదో పడిపోయినట్టు కిందకు చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరు తీయమన్నారు?" అంది ఆఫీసరు.

"ఎవరూ అనలేదు. బళ్ళకు అడ్డం వస్తోందని నేనే తీశాను."

ఆవిడ రాసుకుంది. "స్టూలు దిగండి, పడతారు" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడే ఫోన్ చేసింది. "మీ అక్కగారు ఇప్పుడే వచ్చి వెళ్ళారు. తీయమని అడిగింది తానేనట. అయస్కాంతం గురించి మీరు సూపర్‌వైజర్‌ని అడిగారని కూడా చెప్పారు. మీరు నాకెందుకు చెప్పలేదు?"

అతను ఫోన్ పెట్టేసి అక్క దగ్గరికి వెళితే, ఆమె గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"నా వంతు నువ్వెవడివిరా మింగడానికి?" అంది. కోపంగా కాదు. దుప్పట్ల లెక్క అప్పజెప్పినంత మామూలుగా. "అయ్యిందేదో అయ్యింది. ఇప్పుడు వాళ్ళింటికి పోదాం. కాగితంలో చదివి తెలుసుకునే ముందు మన నోటితో వినాలి ఆయన."

ఇస్త్రీ వదిన భర్త దర్జీ. ఇంటి ముందు గదే కొట్టు. వాళ్ళు వెళ్ళేసరికి మిషను మీద స్కూలు యూనిఫాం ఒకటి కుడుతున్నాడు. అక్కను చూసి తల ఊపి స్టూలు చూపించాడు. నిదానం నిలబడే ఉన్నాడు.

అక్క మొదలుపెట్టింది, నిదానం పూర్తి చేశాడు. చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. దర్జీ మిషను ఆపలేదు. చివరి కుట్టు వేసి, దారం కత్తిరించి, చొక్కాను తిరగేసి, కుట్టు సరిగా పడిందో లేదో చూశాడు.

"ఆ తలుపు మూసుకుని ఉంటే దిగొచ్చేదా?" అన్నాడు.

"మెట్లలోకి పొగ వచ్చేది కాదండీ" అన్నాడు నిదానం.

"అంటే, తను దిగొచ్చేది."

"వచ్చేదండీ."

దర్జీ చొక్కాను మడత పెట్టాడు. "నీ చెయ్యి కమిలిందని మా ఆవిడ చెప్పిందమ్మా. వేన్నీళ్ళ కాపడం పెట్టుకోమంటే వినట్లేదు, మొండిఘటం అంది." అక్క తల దించుకుంది. "నాకు కోపం రావాలి కదా. మీరిద్దరూ ఎదురుగా ఉన్నారు. అయినా రావట్లేదు. అన్నం కూడా రుచి తెలియట్లేదు, ఇంక కోపమేం తెలుస్తుంది."

వాళ్ళు బయలుదేరాక, వెనకనుంచి అడిగాడు.

"ఆ తలుపు నాకోసారి చూపిస్తారా?"

విచారణ రెండు నెలలు సాగింది. నిదానం పని అనుమతిని ఏడాదిపాటు ఆపేశారు. తరువాత మళ్ళీ పరీక్ష రాయాలి. సూపర్‌వైజర్‌ని తీసేశారు. అక్క మీద కేసేమీ పెట్టలేదు. ఆమెను బండి పని మాన్పించి మడతల బల్ల దగ్గర నిలబెట్టారు. నిదానం ఒక బీరువాల కార్ఖానాలో బందులు బిగించే పనిలో చేరాడు. బీరువా తలుపు ఎవరినీ కాపాడక్కర్లేదు, చక్కగా మూసుకుంటే చాలు. అక్కడివాళ్ళకు అతని కథ తెలుసు. ఎవరూ ఎత్తరు. మొదటి వారం ఒకడు మాట జారి "ఈయన తలుపు తీస్తే..." అని మధ్యలో మింగేశాడు.

లాండ్రీ మళ్ళీ తెరిచాక, కొత్త సూపర్‌వైజర్‌ని అడిగి, ఒక మధ్యాహ్నం ముగ్గురూ వెనక మెట్ల దగ్గరికి వెళ్ళారు. గోడలకు కొత్త సున్నం. తలుపుకు కొత్త పెట్టె, కొత్త చెయ్యి. ఎవరో వేరే మెకానిక్ బిగించాడు. అయస్కాంతం కూడా పెట్టారు. నిదానం దాని మీట నొక్కి తలుపును విడిపించాడు.

దర్జీ తలుపును పూర్తిగా తెరిచి వదిలాడు. అది మెల్లగా కదిలి, సగందాకా వచ్చి, ఇంకాస్త నెమ్మదించి, టక్కుమని గుమ్మంలో కూర్చుంది.

"ఎంతసేపు పట్టింది?"

"ఏడు సెకన్లండీ."

దర్జీ మళ్ళీ తెరిచాడు. ఈసారి తానే పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. మూడోసారి తెరిచి వదిలాక లెక్కపెట్టలేదు, ఊరికే చూశాడు. అక్క గోడకు ఆనుకుని నిలబడింది. పైన ఇస్త్రీ గదిలోంచి ఆవిరి చప్పుడు వస్తోంది. ఎవరో ఏదో అంటే ఎవరో నవ్వారు.

తరువాత దర్జీ ఒక్కడే మెట్లెక్కాడు. మలుపు దగ్గర ఆగాడు. కింద వీళ్ళకు అతని చెప్పులే కనిపిస్తున్నాయి. చాలాసేపు ఆ చెప్పులు కదల్లేదు. నిదానం వాటినే చూస్తూ, ఎడమ చెప్పు అడుగు ఒక పక్కే అరిగి ఉండడం గమనించాడు. మిషను తొక్కే కాలు. ఇది తప్ప తనకు ఇంకేమీ తట్టడం లేదేమని అనుకున్నాడు.

దిగి వచ్చాక దర్జీ అక్కను అడిగాడు, "తనతో చివరిసారి ఏం మాట్లాడావమ్మా?"

"ఆ పొద్దున్నేనా? లిఫ్టులో బండి పంపిస్తూ, బండిలో పై వరసలో ఉన్న నీలం దుప్పట్లు తడిగా ఉన్నాయి, ముందు అవి చూడు అని పైకి కేకేశాను. ఆరబెట్టడం మీకెప్పుడొస్తుందే అంది. అంతే, అన్నయ్యగారూ. ఇంకేమీ లేదు. ఉంటే బాగుండు."

దర్జీ తల ఊపాడు. ముగ్గురూ బయటి గేటు దాకా నడిచారు. ఎండ గట్టిగా ఉంది. అక్క పనిలోకి తిరిగి వెళ్ళాలి. వెళతానని చెప్పింది కానీ వెళ్ళలేదు.

దర్జీ రోడ్డు దాటబోతూ నిదానం చొక్కా వైపు చూశాడు.

"మణికట్టు దగ్గర గుండీ వేలాడుతోంది."

"చూసుకోలేదండీ."

"గురువారం ఖాళీగా ఉంటాను. తీసుకురండి."

అని, అతను రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. అలవాటు కొద్దీ అన్నాడో, నిజంగా రమ్మన్నాడో వాళ్ళకు అర్థం కాలేదు.

"వెళ్తావా?" అంది అక్క.

"తెలీదు."

గురువారం వెళ్ళాడు. దర్జీ చొక్కా విప్పమనలేదు. కుర్చీ దగ్గరగా లాక్కుని, నిదానం మణికట్టును బల్ల మీద పెట్టించి, సూదిలో తెల్లదారం ఎక్కించాడు. వేలి కింద నాడి తగులుతుంటే దర్జీ ఒకసారి ఆగి, మళ్ళీ కుట్టాడు. నాలుగు కుట్లు వేసి, ముడి వేసి, దారం కత్తిరించాడు.

"ఇక ఊడదు" అన్నాడు.

నిదానం ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని, అన్నం పెట్టుకుని తిన్నాడు. ఉప్పు తక్కువైంది. లేచి వేసుకున్నాడు.