కావాలని రాసిన తప్పులు

ఫ్లోరెన్స్ తెనాలి నుంచి రోజూ రైల్లో రేపల్లె వెళ్ళి, అక్కడి హైస్కూల్లో ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతుంది. రెండేళ్ల కిందట తన రెండు సెక్షన్ల మీద చిన్న పరిశోధన చేసింది. ఒక సెక్షన్ ఎప్పటిలాగే బోర్డు మీది వ్యాసం ఎక్కించుకుంది. రెండో సెక్షన్ పిల్లలు తమకు తెలిసిన సంగతేదో సొంత మాటల్లో రాసి, పక్కవాళ్ళకు చదివి వినిపించి, వాళ్ళకు అర్థం కానిచోట తిరగరాశారు. ఏడాది చివర అందరికీ ఒకే పరీక్ష పెట్టి, పేర్లు కనపడకుండా వేరే టీచర్ల చేత దిద్దించింది. తిరగరాసిన పిల్లలకు ముప్పై శాతం ఎక్కువ మార్కులొచ్చాయి.

బాపట్లలో టీచర్ల శిక్షణ చూసే రంగనాయకులు ఆ కాగితాలు చదివి, "మీ పద్ధతి ఇరవై బళ్ళలో పెట్టేద్దామండి" అన్నాడు. ఆమె పొంగిపోయింది.

నాలుగు నెలల తర్వాత, పని ఎలా సాగుతోందో చూసి నివేదిక ఇమ్మని ఆమెను బాపట్లలో ఒక బడికి పంపారు.

నోటుపుస్తకాల్లో ఎడమ పేజీ 'మొదటి ప్రయత్నం', కుడి పేజీ 'మెరుగైన ప్రయత్నం'. మొదటి పుస్తకంలో ఎడమవైపు "మా నాన చేపలు పడుతాడు" అని ఉంది. రెండో పుస్తకంలోనూ నానే. మూడో దాంట్లోనూ. ముప్పై ఎనిమిది పుస్తకాల్లోనూ నాన్న వత్తు ఎగిరిపోయింది.

ముందు బెంచీలో ఉన్న రుక్సార్‌ని అడిగింది. "మీ నాన్న చేపలు పడతారా అమ్మా?"

"లేదండి. మిషన్ కుడతారు."

"మరి ఇలా రాశావేంటి?"

"ముందు తప్పులతో రాయాలండి. ఏ తప్పులు రాయాలో మేడమే చెప్పారు. తర్వాత బోర్డు మీద మంచిది ఎక్కించుకోవాలి."

ఫ్లోరెన్స్‌కు పుస్తకాలు ముట్టుకున్న చేతులు కడుక్కోవాలనిపించింది. క్లాసు టీచరు శ్రావ్య ఆమెను వరండాలోకి పిలిచి గొంతు తగ్గించింది.

"ఏం చెయ్యమంటారు మేడమ్? ముప్పై శాతం మెరుగుదల చూపించి తీరాలన్నారు. మీ పరిశోధనలో అంతే వచ్చిందంట కదా!"

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

బడి నుంచి ఆఫీసుకు వెళ్ళేసరికి రంగనాయకులు నివేదిక ముందే టైపు చేయించి పెట్టాడు. "సంతకం ఒక్కటే మిగిలిందండి. ఫోటోలు ఎంత బాగొచ్చాయో చూడండి."

"పిల్లల చేత అబద్ధాలు రాయించి, దానికి నా పేరు పెడతారా సార్? అసహ్యంగా లేదూ?"

"అన్నిచోట్లా ఇంతేనమ్మా. మీరే పెద్దది చేసుకుంటున్నారు."

ఆమె సంతకం పెట్టలేదు. చూసినదంతా నాలుగు పేజీల్లో రాసిచ్చింది. ఆ నాలుగు పేజీలు ఏమయ్యాయో ఎవరూ చెప్పలేదు. వారం తిరక్కుండానే వేరెవరి సంతకంతోనో ఆ నివేదిక టీచర్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అందులో రుక్సార్ పుస్తకం ఫోటో ఉంది. కింద చప్పట్ల బొమ్మలు.

మరుసటి నెల ఆ పథకం రేపల్లెలోని ఆమె బడికే వచ్చింది. ఏ తప్పులు రాయించాలో జాబితాతో సహా. హెడ్మాస్టరు లాజరు కాగితం చేతిలో పెట్టి, "ఎందుకొచ్చిన గొడవ, కానిచ్చెయ్యండి" అన్నాడు. ఆమె కానివ్వలేదు. ఎందుకు చెయ్యలేదో జవాబు చెప్పమని మెమో వచ్చింది. జవాబుగా తన పిల్లల నిజం రాతలు, కొట్టివేతలతో, ఇంకు మరకలతో, జిరాక్సు తీయించి పంపింది.

అవి అందినట్టు రసీదు మాత్రం వచ్చింది.