కూల్చకపోతే రెండంతస్తులు

ఆ పాత మేడ అక్కాచెల్లెళ్లిద్దరిదీ. కింద చెల్లెలి టైలరింగ్ షాపు, పైన అక్క కాపురం. మేడ మాటెత్తితే చాలు, అక్క ఎడ్డెమంటే చెల్లెలు తెడ్డెమనేది. కూల్చేసి కొత్తది కడదామని అక్క. ససేమిరా అని చెల్లెలు. వీధివైపు నిలువెత్తు కిటికీల్లోంచి పడే వెలుతురులో నల్లగుడ్డ మీద నల్లదారం కూడా ఆవిడకి కనబడేది మరి.

ఒకరోజు మున్సిపాలిటీ ఇంజినీరమ్మ వచ్చింది. అంతకుముందు ఆ మేడ గోడ మీద "ప్రమాదకరం" అని ఎర్రరంగుతో రాసిపోయింది ఆ ఆఫీసువాళ్లే. ఇప్పుడేమో వేరే పాట.

"కొత్త రూలొచ్చిందండీ. కూల్చి కడితే ఉన్నంతే కట్టుకోవాలి. ముందుగోడ ముట్టుకోకుండా బాగుచేయించుకుంటే, పైన ఇంకో రెండంతస్తులకి పర్మిషన్. పాత వీధులు పాడుబడకుండా ఇదో ప్రోత్సాహం."

"అంటే, కూల్చనందుకు బహుమానమా?" అంది టైలరమ్మ.

"అలాగే అనుకోండి."

ఇన్నాళ్లూ తను ఒంటికాలి మీద లేచి పోట్లాడింది దీనికేగా. సంతోషించాలో, ఇందులో తిరకాసేదైనా ఉందని అనుమానించాలో పాలుపోలేదు. ఈలోగా అక్క మెట్లు దిగొచ్చి గోడని ఆప్యాయంగా నిమిరింది.

"ఇలాంటి గోడ ఇప్పుడెవరు కడుతున్నారమ్మా."

టైలరమ్మ పళ్ల మధ్యనున్న గుండుసూది తీసి అక్క వంక చూసింది. ఈ గోడ ఎప్పుడు కూలి పీడ విరగడవుతుందా అన్నది ఈవిడేనా?

"రెండంతస్తుల బరువంటే ఇనుపస్తంభాలు వేయాలి," అంటూ ఇంజినీరమ్మ సుద్దముక్కతో నేల మీద గుర్తులు పెట్టింది. రెండు సరిగ్గా కిటికీల ముందు పడ్డాయి, మూడోది కుట్టుమిషను పక్కన.

"వెలుతురు పోతుందిగా," అంది టైలరమ్మ.

"బయటినుంచి చూస్తే ఏమీ మారదండీ."

"నేను లోపల కూర్చుని కుడతానమ్మా." అక్క వైపు తిరిగింది. "అయితే కూల్చేద్దామే."

"పిచ్చా నీకు? నేను కూల్చనివ్వను."

ఒకరి మాట ఒకరు మాట్లాడుతున్నామని తెలిసొచ్చి ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

అక్క కాసేపు ఆ గుర్తుల చుట్టూ తిరిగింది. "ఒక్క అంతస్తే వేసుకుంటే?"

"స్తంభాలు పక్కగోడల్లో కలిసిపోతాయి," అంది ఇంజినీరమ్మ.

"ఒక్కటి చాలు," అంది అక్క.

పని మొదలైంది. కోటు కొలతలివ్వడానికి వచ్చినాయన పరంజా కింద వంగి లోపలికొస్తూ, కూలుస్తున్నారా కడుతున్నారా అని అడిగాడు. రెండూ కాదనేసింది టైలరమ్మ.

రెండో అంతస్తు ఎందుకు వదులుకున్నావని ఆ సాయంత్రం అక్కని అడిగింది.

"ఏమో. నువ్వు పట్టపగలు లైటు కింద కూర్చుని కుడుతున్నట్టు ఊహించుకున్నాను. బాగాలేదు," అంటూ అక్క పైకెళ్లిపోయింది.

చెల్లెలు ఆ జవాబుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది గానీ, అది ప్రేమో చిరాకో అంతుబట్టలేదు. కోటుగుడ్డ పరిచి కత్తెర తీసుకుంది.