రెండు ఊళ్లూ బాగానే ఉంటాయట

మిన్నెసోటాలో మంచు కంటే మొహమాటం మందం. మంచైనా మే నెలకి కరుగుతుంది, మొహమాటం మనిషితోపాటు మట్టిలోకి పోవలసిందే. పళ్లెంలో చివరి ముక్క మిగిలిందనుకోండి, దాన్నెవరూ తీసుకోరు. ఒకరు సగం కోసుకుంటారు, ఇంకొకరు ఆ సగంలో సగం. చివరికి గోరంత ముక్క పళ్లెంలోనే ఎండిపోతుంది గానీ "నాక్కావాలి" అన్న మాట మాత్రం ఒక్క నోటినుంచీ రాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అమ్మ తనంతట తనే పెడతానన్నా మూడోసారి దాకా వద్దనే అంటారు.

లైల్ అచ్చంగా ఆ జాతివాడు. డులూత్‌లో రోడ్ల మీద మంచు తోసే బళ్లని బాగుచేస్తాడు. ఎంతటి మొండి ఇంజనైనా అతని చేతిలో మాట వింటుంది. మనుషుల దగ్గరికొచ్చేసరికి అతనే అందరి మాటా వింటాడు. భార్య కారిన్‌తో మూడేళ్ల కిందట విడిపోయాడు. ఆ విడిపోవడం కూడా ఇద్దరూ ఒకరికొకరు దారిచ్చుకుంటున్నట్టే జరిగింది. "నీకదే బాగుంటుందంటే సరే" అని అతను, "నీకు కష్టం లేకపోతేనే" అని ఆమె. ఆమె పిల్లలిద్దర్నీ తీసుకుని ఉద్యోగమున్న మినియాపొలిస్‌కి వెళ్లింది. అతను కొండ మీద ఒక ఇంటి పైవాటాలో అద్దెకి దిగాడు.

అప్పట్నుంచీ అతని రోజంతా సాయంత్రం ఆరు కోసమే. ఆరవగానే ఫోన్‌ని కెచప్ సీసాకి ఆనించి, దానికి ఎదురుగా పళ్లెం పెట్టుకుంటాడు. అవతల బల్ల దగ్గర పన్నెండేళ్ల బ్రిట, ఏడేళ్ల నిల్స్ కూర్చుంటారు. ముగ్గురూ కలిసి భోంచేస్తారు. స్కూల్లో ఎవరు ఎవర్ని తోశారో, ఎవరి పన్ను ఊడిందో చెప్పుకుంటారు. వాళ్లు తినేసి "బై నాన్నా" అన్నాక లైల్ పళ్లెంలో ఇంకా సగం ఉంటుంది. అది చెత్తబుట్టకే.

వారం విడిచి వారం శని ఆదివారాలకి పిల్లలు అతని దగ్గరికొస్తారు. రెండు ఊళ్లకీ సరిగ్గా సగం దారిలో హింక్లీ అని చిన్న ఊరుంది. అక్కడ హైవే పక్క హోటల్లో కాఫీ తాగి, పిల్లల సంచులు ఒక కార్లోంచి ఇంకో కార్లోకి మారుస్తారు. ఇక్కడ విడిపోయిన జంటలందరిదీ ఇదే పద్ధతి. శుక్రవారం సాయంత్రాలు ఆ హోటల్ ముందు దిండ్లూ బొమ్మలూ చేతులు మారుతూనే ఉంటాయి.

జనవరిలో ఒక శుక్రవారం కారిన్ రెండో కాఫీ తెప్పించుకుంది. మామూలుగా ఆమె రెండో కాఫీ తాగదు. పిల్లలు అవతల బొమ్మల్ని లాగే మిషన్‌లో నాణేలు వేసుకుంటున్నారు.

"ఆఫీసులో ఒక మాటన్నారు," అంది కప్పులోకి చూస్తూ.

"ఓహో."

"మూడేళ్ల పనట. దేశం బయట. నేనింకా ఒప్పుకోలేదులే."

లైల్ చేతిలో చెంచా కాఫీలో తిరుగుతూనే ఉంది. అతను చక్కెర వేసుకోడు.

"ఎక్కడికి?"

"రెండు ఊళ్లు చెప్పారు. మెక్సికోలో గ్వాదలహారా, ఐర్లండ్‌లో గాల్వే. ఏదైనా సరేనట. సోమవారానికి చెప్పాలి."

"రెండు ఊళ్లూ బాగానే ఉంటాయటగా," అన్నాడు లైల్. గాల్వే అనే ఊరొకటుందని అతనికి ఆ నిమిషం దాకా తెలీదు.

"నువ్వు సంతకం పెడితేనే గదా పిల్లలు నాతో రాగలిగేది. అందుకని ఊరు నువ్వు చెప్పు. నువ్వేదంటే అదే."

"అబ్బే, నేనెందుకు? ఉద్యోగం నీది."

"పిల్లలు నీక్కూడా పిల్లలే."

"నీకేది వీలైతే..."

"లైల్!"

"సరే సరే. ఆలోచిస్తాను."

వద్దు, వెళ్లకండి అనొచ్చు. కోర్టు కాగితాలు అతని పక్షానే ఉన్నాయి. కానీ అతని కోసం డులూత్‌లో పదేళ్లు ఆమె చిన్న ఉద్యోగంతోనే సరిపెట్టుకుంది. ఒక్కసారైనా ఆ మాట ఎత్తి దెప్పలేదు. ఇప్పుడామెకి మంచి కాలం వస్తుంటే కాళ్లకి అడ్డం పడడానికి అతనికి మనసొప్పలేదు. బల్ల మీద పాకం రొట్టె చివరి ముక్క మిగిలింది. ఆమె సగం కోసుకుంది, అతను మిగతా సగాన్ని అక్కడే వదిలేశాడు.

ఇంటికెళ్లాక లైల్ మొదట చూసుకున్నది గడియారాలు. గ్వాదలహారాలో చలికాలం ఇక్కడి వేళే, ఎండాకాలం ఒక్క గంట తేడా. సాయంత్రం భోజనం ఎప్పట్లాగే కలిసి తినొచ్చు. శని ఆదివారాలకి ఇంకొక రోజు సెలవు తోడైతే వెళ్లి చూసి కూడా రావొచ్చు. గాల్వే ఆరు గంటలు ముందుంది. ఇక్కడ ఆరంటే అక్కడ అర్ధరాత్రి. ఇంకేం చూస్తాడు? ప్రాణం కుదుటపడింది. పిల్లలు కూడా గ్వాదలహారానే అంటే బాగుణ్ణు, అప్పుడిక తను నోరు తెరిచి అడగనక్కర్లేదు అనుకున్నాడు. చూశారా, పిల్లల కోరిక చాటున తన కోరిక దాచుకుందామని ఎత్తు.

శనివారం పొద్దున్నే ముగ్గురూ చేపలకి వెళ్లారు. గడ్డకట్టిన చెరువు మధ్యలో లైల్‌కి నాలుగు చెక్కల గుడిసె ఒకటుంది. లోపల గ్యాస్ పొయ్యి, కూర్చోడానికి బోర్లించిన బకెట్లు, ఐసులో తొలిచిన రెండు కన్నాలు. బయట ఇంకో రెండు కన్నాల మీద చిన్న జెండాలు. చేప పడితే జెండా లేస్తుంది.

"అమ్మ చెప్పిందా?" అన్నాడు లైల్, గాలానికి ఎర గుచ్చుతూ.

"చెప్పింది," అంది బ్రిట వెంటనే. "గ్వాదలహారానే నాన్నా. అక్కడ మామిడిపళ్లు చెట్లకి కాస్తాయట."

"ఎక్కడైనా చెట్లకే గదే కాసేది!"

"అబ్బ, అది కాదు. వీధుల్లోనే కాస్తాయట. ఇంకా స్పానిష్ వస్తే పెద్దయ్యాక మంచి ఉద్యోగాలొస్తాయి."

"ఓసి నీ దుంపతెగ, ఇప్పట్నుంచే ఉద్యోగమా? మరి నీ ఐస్ హాకీ? అక్కడ ఐసు గ్లాసులో తప్ప ఉండదు."

"గాల్వేలో మాత్రం ఏముంది? ఐనా హాకీ నాకు విసుగొచ్చింది."

నిల్స్ అక్క మొహంలోకి చూసి అందుకున్నాడు. "నాక్కూడా గ్వాదలహారా ఇష్టం. ఎండగా ఉంటుంది. తినడానికి టాకోలు ఉంటాయి." అప్పజెప్పిన పాఠంలా గడగడా చెప్పేసి ఊపిరి పీల్చుకున్నాడు.

పోయిన నెల మ్యాచ్ ఓడిపోయి రెండు రోజులు తిండి మానేసిన పిల్లకి హాకీ ఎప్పుడు విసుగొచ్చిందో లైల్ అడగాల్సింది. అడగలేదు. వినాలనుకున్న మాట చెవిన పడుతుంటే ఎవరికి మాత్రం ఎదురు ప్రశ్న తోస్తుంది? గుడిసె వెచ్చగా ఉంది, కాఫీ వేడిగా ఉంది, అతనికి చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

ఇంతలో బయట జెండా లేచింది. బ్రిట కేక పెట్టి పరిగెత్తింది.

"టాకోలు నీకు పడవు గదరా?" అన్నాడు లైల్ నవ్వుతూ.

నిల్స్ కన్నంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఏంట్రా?"

"చెప్తే అక్క తంతుంది."

"నేనున్నానుగా. తన్నదులే."

వాడు తలుపు వైపోసారి చూశాడు. "ఐర్లండ్ వెళ్తే, నువ్వు తినేటప్పటికి మేం పడుకునుంటామంట. అప్పుడు నువ్వు తినడం మానేస్తావంట. అందుకని ఇద్దరం మెక్సికో అనాలంట. ఎండ, టాకోలు అని అక్కే చెప్పింది నాకు."

లైల్ చేతిలో గాలం పక్కన పెట్టాడు. "మరి నీకేది ఇష్టం?" అన్నాడు.

"నాకు ఇంగ్లీషు అక్షరాలే కదులుతుంటాయి నాన్నా. మెక్సికో బళ్లో సగం స్పానిష్‌లో చెప్తారంట. అవి కూడా కదిలితే?"

వాడికి చదువు ఇంకా కుదురుకోలేదు. ఇప్పుడిప్పుడే ఒక్కో మాటా పట్టుకుంటున్నాడు, ఇంకో భాష నెత్తిన పెట్టకండి అని టీచరు చెప్పిన సంగతి లైల్‌కి తెలుసు. నిన్న సాయంత్రం నుంచీ అది గుర్తు రాలేదు. గుర్తు రానివ్వలేదంటేనే న్యాయం.

"అక్కకి?"

"దానికి ఐర్లండే. సముద్రం పక్కన గుర్రాలుంటాయంట. ఫోన్ నిండా అవే బొమ్మలు. నేను చెప్పానని చెప్పకు నాన్నా."

బ్రిట గుప్పెడంత చేపని పట్టుకుని లోపలికొచ్చింది. బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చేపని బకెట్లో వేసి, చేతులు తుడుచుకుంటూనే తండ్రి తిండి డబ్బాలోకి తొంగిచూసింది. "శాండ్‌విచ్ సగమే తిన్నావేం?" అంది. ఇక్కడికొచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల ఆ మాట అంటుంది. ఇన్నాళ్లూ అతనికి ముద్దుగానే ఉండేది. ఇప్పుడు సిగ్గేసింది. పన్నెండేళ్ల పిల్ల తన గుర్రాలు మానుకుని, తమ్ముడికి అబద్ధం నేర్పి, తండ్రి అన్నం తినడానికి వీలైన ఊరు వెతుక్కుంటోంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నాకు తెలిసిపోయిందే అంటే చిన్నవాడు అక్కకి దొరికిపోతాడు, తెలియనట్టు ఊరుకుంటే పిల్లలు ఆ ఎండలోకే పోతారు, అతని కోసం.

శాండ్‌విచ్ మిగతా సగం ఆ పిల్ల చూస్తుండగా తినేశాడు.

ఆదివారం మధ్యాహ్నం హింక్లీలో పిల్లలు సంచులు మారుస్తుంటే లైల్ కారిన్‌ని పక్కకి పిలిచాడు. గాలి మొహం మీద కొడుతోంది.

"గాల్వే," అన్నాడు.

కారిన్ టోపీ చెవుల మీద నుంచి కొంచెం ఎత్తింది. "గ్వాదలహారా అంటావనుకున్నాను. నువ్వొస్తే ఉండేందుకు గది ఉన్న ఇల్లు కూడా చూసిపెట్టాను."

ఆ మాట తిన్నగా గుండెలో దిగింది. ఇంకో రెండు క్షణాలు ఊరుకుంటే మాట మార్చేసేవాడే.

"నిల్స్‌కి అదే మంచిది," అన్నాడు త్వరగా.

"నాకూ మొదట్నుంచీ అదే అనిపించింది," అంది ఆమె కిందికి చూస్తూ. "నీ దగ్గర ఎలా అనను? నిన్ను తోసేసినట్టుంటుంది కదా."

"అనుంటే బాగుండేది."

"నువ్వూ ఏదో ఒకటి అనుంటే బాగుండేది, లైల్. ఇప్పుడని కాదు. మూడేళ్ల కిందటే."

ఆమె జవాబు కోసం ఆగలేదు, వెళ్లి కార్లో కూర్చుని వేడి పెట్టింది.

బ్రిట హాకీ కర్రలు వెనక పెట్టి వచ్చింది. "చెప్పేశావా? గ్వాదలహారా కదూ?"

"గాల్వే."

పిల్ల మొహంలో ఒక్క క్షణం వెలుగొచ్చి, మరుక్షణం పోయింది. ఆ వెలుగు లైల్ చూశాడు.

"నువ్వే అన్నావా? అమ్మ అడిగితే నువ్వే అన్నావా?"

"నేనే."

"ఎందుకు?"

"అక్కడ స్కూళ్లు బాగుంటాయట. తమ్ముడికి..."

"అది కాదు. మేం దగ్గర్లో ఉండడం నీకిష్టం లేదా?"

ఇలాంటప్పుడు అనడానికి ఇక్కడి వాళ్ల దగ్గర మెత్తటి మాటలు బోలెడున్నాయి. పుట్టినప్పట్నుంచీ లైల్ అవే మాట్లాడాడు. ఎదురుగా గడ్డం వణుకుతున్న పిల్ల నిలబడి ఉంటే ఒక్కటీ పనికి రాలేదు.

"ఇష్టమే. ఎంత ఇష్టమో నీకు చెప్పలేను. మీరసలు వెళ్లకూడదని ఉంది నాకు," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "కానీ నేను తిన్నానో లేదో చూడ్డం నీ పని కాదమ్మా. నా పని."

"నువ్వా పని చెయ్యట్లేదుగా!" అని అరిచింది బ్రిట. పక్క కారు దగ్గర సంచీ అందుకుంటున్న ఒకాయన, తను విననట్టు అటు తిరిగిపోయాడు.

"ఇకమీద చేస్తాను."

"ఎప్పుడు మాట్లాడతాం మరి? నీకు ఆరైతే మాకు అర్ధరాత్రి. నేను చూశాను."

"మీరు పొద్దున్న తింటారుగా, అప్పుడు చెయ్యండి. ఎనిమిదింటికి."

బ్రిట చేతి తొడుగులోనే వేళ్లు ముడుస్తూ లెక్కేసుకుంది. "అప్పుడు నీకు రాత్రి రెండు."

"పర్లేదు. లేచే ఉంటాను."

"రోజూనా? ఎలా ఉంటావు?"

"ఎలాగూ లేచే ఉంటున్నాను, తల్లీ."

ఓదార్పుగా అందామనుకున్నాడు. నోట్లోంచి వచ్చాక గానీ ఏం చెప్పాడో అతనికి తెలిసిరాలేదు. సర్దుకోబోయాడు.

"తెలుసు," అంది బ్రిట. కళ్లనీళ్లు బుగ్గల మీదకి కారుతున్నా తుడుచుకోవడం లేదు. "మన గదుల మధ్య గోడ పలచన నాన్నా. పోయినసారి మేమొచ్చినప్పుడు కూడా ఏడ్చావు."

లైల్ పిల్లని దగ్గరికి లాక్కున్నాడు. మంచు పట్టిన అతని కోటులో మొహం దాచుకుని అది వెక్కివెక్కి ఏడ్చింది. వెనక సీట్లోంచి నిల్స్ అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాడు. కారిన్ ఇంజను ఆపేసింది.